తిట్టు తింటేనే బలుసాకు

మా గుట్ట మీద ఆకు కోసుకోవడానికి టికెట్టు లేదు, పర్మిషనూ లేదు. తిట్లు తినాలి, అంతే. మా ఇంటి ఆడమనిషి ముళ్ళకంచె తడిక దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళని వాళ్ళవాళ్ళ యోగ్యతని బట్టి కడిగిపారేస్తుంది. అది పూర్తయ్యాకే తడిక తెరుచుకుని లోపలికి వెళ్ళాలి. తిట్టు తినకుండా తెచ్చిన ఆకు వండితే ఆ పూట ఇంట్లో పోట్లాట తప్పదని చుట్టుపక్కల ఊళ్ళ నమ్మకం. అందుకే పెద్ద పెద్ద రైతులు కూడా కండువా తీసి చంకలో పెట్టుకుని, "కానీ అమ్మా, ఎండెక్కుతోంది" అని తొందరపెడతారు.

జగ్గయ్యపేట నుంచి నందిగామ వచ్చే దారిలో హైవే దిగి కొంచెం లోపలికి వస్తే మా ఊరు. ఊరి వెనక గుట్ట. గుట్టంటే మహా కొండని ఊహించుకోకండి, సున్నపురాయి మిట్ట, దాని నిండా ముళ్ళపొదలు. ఎక్కువ బలుసే. మధ్యమధ్య కలివి, రేగు, తునికి, వెనక వాలులో సీతాఫలం. నడిమిట్ట మీద ఒక బాబా సమాధి, దానిమీద ఆకుపచ్చ గుడ్డ. మాది ఆ సమాధిని చూసుకునే ఇల్లు. పేర్లు సాయిబులవి, ఇంట్లో మాట మాత్రం అచ్చ తెలుగు.

ఆ బాబా బతికున్న రోజుల్లో పరమ కోపిష్టి అట. ఎవరొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టినా తిట్టేవాడట. తిట్లు తిన్నవాళ్ళకి పంటలు పండాయి, పెళ్ళిళ్ళు కుదిరాయి. ఆయన మర్యాదగా మాట్లాడింది జన్మలో ఒక్కడితోనేనట. వాడు ఆ వారమే వెళ్ళి బావిలో పడ్డాడట. ఇంక ఆయన దగ్గర మర్యాద కోరుకున్నవాడు లేడు. బాబా పోయాక తిట్టే పని మా ఇంటి ఆడవాళ్ళకి వచ్చింది. మగవాళ్ళకి ఎందుకు రాలేదని అడిగితే, "మగాడు తిడితే కొట్లాట అవుద్ది, ఆడది తిడితే బుద్ధొస్తుంది" అని మా అత్తమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది.

అత్తమ్మ తిట్టడం చూడాల్సిందే. నోటికొచ్చినట్టు తిట్టేది కాదు. మనిషిని చూసి, చేతిలో సంచి చూసి, పోయిన సారి వాడు లోపల చేసిన పని గుర్తు తెచ్చుకుని మొదలుపెట్టేది. "చిగురు గిల్లుకోమంటే కొమ్మ గుంజుతావంట్రా, నీ దుంప తెగ! నీ జుట్టు అలా గుంజితే ఊరుకుంటావా?" "పైకొమ్మ పండు పిట్టదే పిల్లా. నీకు రెక్కలు మొలిచాయా? మొలిచాక రా, కోసుకుందువు." "ఒక్క పొద దగ్గరే కూర్చుని నున్నగా గీకుతావేంటే, మేకవా?" "పచ్చికొమ్మ కొట్టినోడి పొయ్యిలో పిల్లి లేవదు, పో!" ఇలా సాగేది. విన్నవాళ్ళు బుద్ధిగా తలూపి లోపలికి వెళ్ళేవాళ్ళు. చిగురు మాత్రమే గిల్లుకుని, ఒక పొద నుంచి ఇంకో పొదకి మారుతూ, పై పళ్ళు పిట్టలకి వదిలేసి, ఒళ్ళో పట్టినంత తెచ్చుకునేవాళ్ళు. వదిలేసిన పళ్ళు తిన్న పిట్టలు ఎక్కడో గింజ రాల్చేవి, అక్కడ ఇంకో పొద లేచేది.

చుట్టుపక్కల ఇలాంటి మిట్టలు చాలానే ఉండేవి. పాపం వాటికి తిట్టేవాళ్ళు లేరు. ఇప్పుడు వాటి మట్టి రోడ్ల కింద ఉంది.

ఇక నా సంగతి. నేను నందిగామలో ఒక కేబుల్, ఇంటర్నెట్ ఆఫీసులో ఫోనెత్తే మనిషిని. నెట్ రాకపోయినా, టీవీలో మ్యాచ్ మధ్యలో ఆగిపోయినా, వాళ్ళింటి పిల్లి కేబుల్ కొరికినా అందరూ తిట్టేది నన్నే. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండి" అని నేను. "నీ చింత ఎవడిక్కావాలి, ముందు నెట్ రానీ" అని వాళ్ళు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిట్లు తిని, ఒక్కటి కూడా బయటికి రానివ్వకుండా ఇంటికొస్తాను. అలాంటి నన్ను ఏరికోరి తిట్ల ఇంటికి కోడల్ని చేశారు.

పెళ్ళయిన కొత్తలో నేను అత్తమ్మని చూస్తేనే వణికిపోయేదాన్ని. తర్వాత తెలిసింది, ఆవిడ నోరంతా తడిక దగ్గరే ఖర్చయిపోతుందని. ఇంట్లో పిల్లిని కూడా అదిలించదు. నేను కూరలో ఉప్పు రెండుసార్లు వేసినా, మజ్జిగ పోసుకుని తినేసి లేస్తుంది. అంత మంచి అత్తగారు మా వీధి మొత్తంలో లేదు. నేను కూడా "తిట్టడం నా వల్ల కాదు, ఆ పని ఆవిడదే" అని హాయిగా ఉన్నాను.

కిందటి వేసవిలో అత్తమ్మ గొంతు బొంగురుపోయింది. బెజవాడ తీసుకెళ్ళి చూపిస్తే స్వరతంతువు మీద చిన్న కంతి ఉందన్నారు. డాక్టరుగారు కేసు రాసుకుంటూ, "ఆవిడ ఏం పని చేస్తారండీ?" అని అడిగారు.

"తిడతారండీ" అన్నారు మా ఆయన.

"ఎవర్ని?"

"వచ్చినవాళ్ళందర్నీ అండి."

డాక్టరుగారు పెన్ను పక్కన పెట్టి, మొదట మా ఆయన్నీ, తర్వాత నన్నూ జాలిగా చూశారు. ఆపరేషన్ చేసి కంతి తీసేశారు. అపాయమేమీ లేదన్నారు. కానీ వానాకాలం వెళ్ళేదాకా ఒక్క మాట మాట్లాడకూడదనీ, ఒక్కసారి గట్టిగా అరిస్తే మాత్రం ఉన్న గొంతు కూడా పోతుందనీ, మళ్ళీ రాదనీ మరీ మరీ చెప్పి పంపారు.

వానాకాలమంటే బలుసు చిగురేసే కాలం. జనం కంచె దగ్గర బారులు కట్టేది అప్పుడే. ఒక్క చిగురు కాలం తిట్టు తప్పితే గుట్ట బోడవుతుందని మా ఇంట్లో పాతమాట. మా ఆయన కారు కిరాయికి తోలుకుంటూ ఊళ్ళు తిరిగే మనిషి. ఆడపడుచులు అత్తారిళ్ళలో ఉన్నారు. ఇంట్లో మిగిలిన ఆడది నేనే. అత్తమ్మ నా వంక చూసి వేలితో తడికని చూపించింది. నాకు ఆఫీసులో జీతం పెంచమని అడగడానికే నోరు రాదు!

తొలకరి పడిన మర్నాడు పొద్దున్నే, నేను ఆఫీసుకి బయల్దేరకముందే మొదటి మనిషి వచ్చింది. పొరుగూరి పెద్దావిడ, ముచ్చటగా ముతక చీర, చేతిలో బుట్ట. నేను గొంతు సవరించుకున్నాను.

"నమస్కారమండీ. కొమ్మలు విరవకుండా చిగుళ్ళు మాత్రమే గిల్లుకోవాలండీ. పైపళ్ళు పిట్టలకి వదిలేయాలి. దయచేసి సహకరించండి."

ఆవిడ కాసేపు ఎదురుచూసింది. "అయిపోయిందా?" అంది.

"అయిపోయిందండీ."

"ఇదేం తిట్టమ్మా? మా కోడలు కాఫీ ఇచ్చేటప్పుడు ఇంతకంటే ఎక్కువ తిట్టిద్ది." బుట్ట చంకన పెట్టుకుని వచ్చినదారినే వెళ్ళిపోయింది. ఉత్త చేతులతో వెళ్ళింది గాని తిట్టు లేని ఆకు ముట్టుకోలేదు.

మంచివాళ్ళు అలా తిరిగి వెళ్ళారు. కొంచెం చొరవ ఉన్నవాళ్ళు "మీరు తిట్టరు, మేమేం చేస్తాం" అని చెప్పేసి లోపలికి దూరి కొమ్మలు లాక్కుపోయారు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తూ తలకొట్టుకునేది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి రాగానే నాకు ట్యూషను మొదలయ్యేది. ఆవిడకి మాట లేదు కాబట్టి స్టీలు పళ్ళెం, గరిటె పెట్టుకునేది. నేను ఎదురుగా నిలబడి గుమ్మాన్ని తిట్టాలి. "ఒరేయ్" అంటే తలూపేది. "ఒరేయ్ అండీ" అంటే పళ్ళెం మీద ఠంగుమని గరిటె పడేది. చూసి నవ్వడానికి పక్కింటివాళ్ళు కుర్చీలు కూడా తెచ్చుకున్నారు.

ఇలా నేను గుమ్మాన్ని తిట్టలేక చస్తుంటే, మా పెద్దాడపడుచు కూతురు వచ్చింది. నందిగామలో డిగ్రీ చదువుతోంది, బోటనీ. బలుసుకొమ్మ చేతిలోకి తీసుకుని ఆకులు ఎదురెదురుగా ఉండటం, మధ్యలో ముల్లు, చిన్నపువ్వు అన్నీ చూపించి, "అత్తా, ఇది కాఫీ కుటుంబం, తెలుసా? కాఫీచెట్టు, బలుసు చుట్టాలు" అంది. నాకు సరదా వేసింది. ముళ్ళకంప అనుకున్న దానికి అంత పెద్దింటి చుట్టరికం ఉందా అనుకున్నాను. పిల్ల దోషం ఏమీ లేదు. ఆ మాట మా మరిది చెవిలో పడటమే అసలు గొడవ.

మా మరిదికి గరికపాడు చెక్‌పోస్టు దగ్గర టీ దుకాణం ఉంది. మహా చురుకైనవాడు. ఎవరైనా చుట్టమని తెలిస్తే చాలు, వాళ్ళ దగ్గర ఏం దొరుకుతుందో చూసుకునే రకం. కాఫీకి చుట్టమైతే కాఫీయే అవుతుందని లెక్కగట్టి, కంచె వెనకనుంచి దూరి బలుసుపళ్ళు దూసుకెళ్ళి, గింజలు మాడ్చి, పొడి కొట్టి, "గుట్ట కాఫీ" అని అట్టముక్క మీద రాసి దుకాణం ముందు వేలాడదీశాడు. నేనూ రుచి చూశాను. మాడిన అన్నం గిన్నె కడిగిన నీళ్ళలో బెల్లం వేసినట్టుంది. కానీ లారీ డ్రైవర్లకి అది తెగ నచ్చింది. "నిద్రాగుతదన్నా, ఒక్క గుక్కకే కండ్లు తెరుసుకుంటున్నయ్" అన్నాడట హైదరాబాద్ వైపు వెళ్ళే డ్రైవరొకడు. ఆ రుచికి కళ్ళు తెరుచుకోక ఏం చేస్తాయి?

అక్కడ తాగినవాళ్ళలో ఒక బేరగాడున్నాడు. అడవి కాఫీ అంటే సిటీలో ఎగబడి కొంటారని మరిదికి ఆశపెట్టాడు. ఒక ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటో మా తడిక ముందు ఆగింది. అందులో గోనెసంచులు, కొడవళ్ళు పట్టుకున్న కూలీలు, ఇస్త్రీ చొక్కా బేరగాడు, ముందు సీట్లో మా మరిది. ఒక్కో పండు ఏరుతూ కూర్చుంటే ఎప్పటికి అవుతుంది, పొదలు మొదలంటా నరికి కళ్ళంలో దులిపేస్తే సరి అని వాళ్ళ పథకం.

"వదినా, తడిక తియ్యి" అన్నాడు మరిది. "మనిల్లే, మన గుట్టే. మనకి తిట్లేంటి?"

ఊళ్ళో సగంమంది అప్పటికే చేరారు. కూలీల్లో ఒకడు ఆగలేక, కంచె పక్కన ఉన్న పొద మీద కొడవలి వేశాడు. పచ్చికొమ్మ కిందపడింది. అరుగు మీద నుంచి అత్తమ్మ దిగ్గున లేచింది. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. మెడ నరాలు ఉబ్బాయి. నోరు తెరిచింది. డాక్టరుగారి మాట నా గుండెల్లో గంటలా మోగింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆవిడ అరిచేస్తుంది, ఆ అరుపే ఆవిడకి ఆఖరు మాట అవుతుంది. నాకు చచ్చేంత భయం వేసింది.

నేను అత్తమ్మ నోటి మీద చెయ్యి అడ్డం పెట్టి, నా నోరు తెరిచాను.

"ఎవడ్రా కొడవలి వేసింది? నీ దుంప తెగ! నీ చేతులు పడిపోను! బలుసుపొదకి కొడవలేంట్రా, గొర్రె మొహమా? ఆ ముళ్ళు నిన్నేం చేశాయి? ఆ ముళ్ళ కింద మొలిచిన పిల్లమొక్కల్ని మేకల నోట పడకుండా కాసేది ఆ ముళ్ళే కదంట్రా? అవి కొట్టేసి నువ్వొచ్చి కూర్చుంటావా కాపలా? నరికితే వచ్చే ఏడు నీ పెళ్ళాం కూరకి ఏం వండిద్ది, నీ కొడవలా? బతికుంటే బలుసాకు తినొచ్చంటారు, ఆ బలుసునే బతకనివ్వకపోతే ఏం తిని ఏడుస్తావురా, దద్దమ్మా?"

ఇది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. కానీ ఆనకట్ట తెగాక నీళ్ళని ఎవరాపుతారు? ఆఫీసు ఫోనులో ఇన్నేళ్ళుగా తిన్నవన్నీ లోపల ఎక్కడ దాక్కున్నాయో, వరసగా బయటికొచ్చాయి. టవునులో ఎవరో పెద్దమనిషి నన్ను తిట్టిన తిట్టు, గొప్పింటి పెళ్ళికొడుకు తిట్టినది, టీవీ సీరియల్ ఆగిపోయినందుకు ఒక ముసలావిడ శపించినది, అన్నీ దుమ్ము దులిపి వాడేశాను.

ఇస్త్రీ చొక్కా బేరగాడు ముందుకొచ్చాడు. "మేడమ్, కొంచెం మర్యాదగా మాట్లాడండి."

"మర్యాదా? మర్యాద కావాలంటే రేపు నందిగామ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మర్యాదే ఇస్తా. ఇది గుట్ట! చొక్కా ఇస్త్రీ చేయించుకున్నావు గాని బుర్ర చేయించుకోలేదేం? ముళ్ళకంప గింజ మాడ్చి కాఫీ అని అమ్ముతావా? రేపు గాడిద గుర్రానికి చుట్టమని చెప్తే గాడిదెక్కి పెళ్ళికి పోతావా?"

జనంలో ఎవరో చప్పట్లు కొట్టారు. మరిది ఆటో దిగి నెమ్మదిగా వెనక్కి జారుతున్నాడు.

"ఆగరా అక్కడ! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంట, నేను పట్టా! పిట్టల పళ్ళు దొంగతనంగా దూసుకుపోవడానికి సిగ్గు లేదంట్రా? ఈ తడిక దగ్గర నిలబడి నిలబడి గొంతు పోగొట్టుకుందిరా మీ అమ్మ. ఆవిడ ఇక్కడ నోరు లేక నిలబడితే, నువ్వు కొడవళ్ళు తెచ్చావా?"

అది తిట్టులా రాలేదు. మరిది అత్తమ్మ మొహంలోకి చూశాడు. తల దించుకున్నాడు. కొమ్మ నరికిన కూలీ కొడవలి ఆటోలో పడేసి, తలగోక్కుంటూ నా ముందుకొచ్చాడు.

"అమ్మా, తిట్టారుగా. ఇంక ఆకు కోసుకోవచ్చా? కూరకి."

"చేత్తో గిల్లుకో. ఒళ్ళో పట్టినంతే."

"నాకు కొంగు లేదమ్మా."

"తువ్వాలుంది కదంట్రా, మొద్దు మొహమా!"

ఆ "మొద్దు మొహమా"కి వాడు మనసారా నవ్వి లోపలికెళ్ళాడు. వాడి వెనక మిగిలిన కూలీలు, వాళ్ళ వెనక ఊళ్ళోవాళ్ళు. చివరికి బేరగాడు కూడా జేబురుమాలు పరుచుకుని నాలుగు చిగుళ్ళు గిల్లుకున్నాడు. తిట్లు ఎలాగూ తిన్నాడు కదా, ఊరికే పోనివ్వడం ఎందుకనుకున్నాడేమో. గోనెసంచులు ఖాళీగా వెళ్ళాయి. అత్తమ్మ రాయి మీద కూలబడి, చప్పుడు చేయకుండా, కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. ఆవిడ గొంతు మిగిలినందుకు నేను పక్కన కూర్చుని నిజంగానే ఏడ్చాను.

ఆ తర్వాత తిట్లకి కరువు లేదు. పొరుగూరి పెద్దావిడ బుట్ట పట్టుకుని మళ్ళీ వచ్చి, తిట్టించుకుని, "ఇప్పుడు బావుందమ్మా" అని సర్టిఫికెట్టు ఇచ్చి వెళ్ళింది. మరిది అట్టముక్క పీకేసి మామూలు టీ కాచుకుంటున్నాడు. ఆఫీసులో మాత్రం నేను ఇప్పటికీ "చింతిస్తున్నామండి" మనిషినే.

వానలు వెనకబట్టాక మళ్ళీ బెజవాడ వెళ్ళాం. గొంతు మానిందని, మెల్లగా మాట్లాడుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. "కానీ అరవడం మాత్రం ఇక ఈ జన్మకి లేదమ్మా" అన్నారు. అత్తమ్మ తలూపింది. బస్సులో వస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మాట్లాడొచ్చన్నా మాట్లాడలేదు. ఆ మౌనం నాకు వానాకాలమంతటి మౌనం కంటే బరువుగా అనిపించింది. ఆ తడిక ఆవిడ జీవితం మరి.

దసరా ముందు పడిన వానకి బలుసు మళ్ళీ చిగురేసింది. పొద్దున్నే తడిక దగ్గర జనం వరసలో ఉన్నారు. ఒక్కొక్కరినీ తిట్టి పంపిస్తున్నాను. తలెత్తి చూస్తే ఎదురుగా అత్తమ్మ. చేతిలో చిన్న గిన్నె. అందరిలాగే తన వంతుకి వచ్చి నిలబడింది.

ఆవిడని ఏమని తిట్టను? వెనకాలవాళ్ళు "కానీ అమ్మా" అంటున్నారు. "ఎండలో ఎందుకొచ్చారత్తమ్మా, నేను తెచ్చేదాన్ని కదా, వెళ్ళి కోసుకోండి" అని గొణిగి తడిక తీశాను.

అత్తమ్మ లోపలికి రాలేదు. నా కళ్ళలోకి సూటిగా చూసింది. చూస్తూనే కంచె మీంచి చెయ్యి చాపి, ఒక పచ్చికొమ్మని పట్టుకుని, ఫెళ్ళున విరిచింది.

కావాలనే విరిచింది, ఆవిడ కళ్ళు చెబుతూనే ఉన్నాయి. తను మళ్ళీ అరవలేని ఈ గుట్టని ఎవరి చేతిలో పెడుతోందో చూసుకోవాలనుకుంది. ఆ చేతులు అత్తగారిని చూసి వణుకుతాయో లేదో తేల్చుకోవాలనుకుంది.

"ఏంటి మీరు చేసింది?" అన్నాను. చాల్లేదు. అత్తమ్మ ఇంకో కొమ్మ మీద చెయ్యి వేసింది.

"తియ్యి చెయ్యి! నీ మొహం మండ! ఇంత వయసొచ్చింది, పచ్చికొమ్మేదో ఎండుకొమ్మేదో తెలీదా నీకు? కళ్ళేం చేసుకున్నావు, డాక్టరుకిచ్చొచ్చావా?"

ఎవర్నీ అంతలా తిట్టలేదు నేను. చెంపల మీద నీళ్ళు కారిపోతున్నా తిట్టాను, ఊళ్ళో అందరి ముందూ తిట్టాను. అత్తమ్మ గిన్నె పట్టుకుని తల వంచుకుని నిలబడింది. వంచిన తల కింద భుజాలు కదులుతున్నాయి, నవ్వు ఆపుకోలేక. నేను మాత్రం ఆపలేదు.